ఎయిర్ పిస్టల్: స్కోరు 540 దగ్గరే ఆగింది, వారం ప్రాక్టీస్ ఎలా వేసుకోవాలి?

కొండాపూర్ కుర్రాడు:

అందరికీ నమస్తే. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సరదాగా మొదలుపెట్టాను, ఇప్పుడు సరదా దాటిపోయింది. సొంత పిస్టల్ కూడా కొనుక్కున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి రేంజ్‌కి వెళ్లడం బుధవారం సాయంత్రం, శని, ఆదివారాలు మాత్రమే కుదురుతుంది. వెళ్లిన ప్రతిసారీ నేను చేసేది ఒకటే. పది పన్నెండు సైటర్లు (లెక్కలోకి రాని పరీక్ష షాట్లు), ఆ తర్వాత వరసగా 60 షాట్లు, స్కోరు రాసుకుని ఇంటికి. 600కి 535, 545 మధ్య తిరుగుతోంది. మొదటి మూడు సిరీస్‌లు (సిరీస్ అంటే పది షాట్లు) 92, 93 వస్తాయి. నాలుగో సిరీస్ నుంచి 88, 87. ఎన్ని గుళ్లు ఖర్చుపెట్టినా ఇంతే.

ఇంట్లో ఏం చేయాలి, రేంజ్‌లో ఏం చేయాలి, ఎలా విడగొట్టుకోవాలి? మీలో పాతవాళ్లు ఎలా చేస్తారో చెప్పండి.

ఇంకో మాట. మా మామగారికి అల్వాల్‌లో బంగారం కొట్టు ఉంది. ఆత్మరక్షణకని ఎప్పుడో .32 రివాల్వర్‌కి లైసెన్స్ తీసుకున్నారు. కాల్చి చాలా ఏళ్లయింది. "నువ్వు నేర్చుకుంటున్నావుగా అల్లుడూ, నాకూ చూపించు" అంటున్నారు. నాకు తెలిసింది ఆయనకు పనికొస్తుందా?

బోయిన్‌పల్లి అక్క:

తమ్ముడూ, ముందు నాదొక ప్రశ్న. మొన్న ఆదివారం 60 షాట్లు కొట్టావు కదా, వాటి మధ్యలో ఎన్నిసార్లు పిస్టల్ ఎత్తి, కొట్టకుండా దించేశావు? నువ్వు రాసినదాంట్లో ఆ ఊసే లేదు. నీ నాలుగో సిరీస్ జబ్బు అక్కడుందని నా అనుమానం.

నాలుగో సిరీస్‌లో స్కోరు పడితే చేయి అలిసిందంటారు అందరూ. అలుస్తుంది, నిజమే. కానీ అలిసిన చేయి ఎక్కువ ఊగుతుంది, అంతే. ఊగడం వల్ల పోయే మార్కులు నువ్వు అనుకున్నంత లేవు. కాగితం మీద లెక్క చూడు. మన టార్గెట్‌లో పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అక్కణ్నుంచి ఒక్కో రింగూ అన్ని వైపులా 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చేయి, పిస్టల్, రెండు సైట్లూ (గురి చూసే ముందు పలక, వెనక గాడి) కలిసికట్టుగా ఒక సెంటీమీటరు పక్కకు జరిగాయనుకో, గుండు కూడా ఒక సెంటీమీటరే పక్కకు పడుతుంది. అది తొమ్మిది. ఇప్పుడు చేయి కదలకుండా మణికట్టు మాత్రం కాస్త వంగి, ముందు సైటు వెనక గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు వెళ్లిందనుకో. సైట్ల మధ్య దూరం ఇంచుమించు 33 సెంటీమీటర్లు, టార్గెట్ 10 మీటర్లు, అంటే ముప్పై రెట్లు. ఆ మిల్లీమీటరు అక్కడ 3 సెంటీమీటర్లు అవుతుంది. అది ఏడు.

కాబట్టి ఊగితే ఊగనీ, సైట్లు ఒకదానికొకటి చెదరకూడదు. నల్లగుండ్రం మసకగా కనిపించినా ఫరవాలేదు, ముందు సైటు అంచు మాత్రం బ్లేడులా కనపడాలి. చెదరగొట్టేది ఎవరు? ట్రిగ్గర్ వేలు. వేలు ఎందుకు తొందరపడుతుంది? "ఇప్పుడు కొట్టకపోతే మళ్లీ ఎత్తాలి" అని మనసు గోల చేసినప్పుడు. మొదటి మూడు సిరీస్‌లలో నీకు ఓపిక ఉంటుంది, ఆగుతావు. తర్వాత ఆగవు, ఎలాగోలా వదిలేస్తావు. నీ 87లు అవే.

మ్యాచ్‌లో 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు. అంటే షాటుకు 75 సెకన్లు. ఎత్తి, దింపి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తడానికి బోలెడు సమయం. సైట్లు గురి చోటుకి దిగాక ఏడెనిమిది సెకన్లలో షాటు రాలేదంటే ఆ షాటు ఇక మంచిది కాదు, దించెయ్. ఇది మాటలో తేలిక. చేతికి అలవాటు చేయడానికి మాత్రం విడిగా ప్రాక్టీస్ కావాలి. ఆ ప్రాక్టీస్ దాదాపు ఎవరూ చేయరు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నా దగ్గరకు వచ్చే పిల్లలతో ఇలా చేయిస్తాను. పాప పిస్టల్ ఎత్తి, గురి చోటుకి దింపి, కుదురుకుంటుంది. నేను వెనక నిలబడి ఉంటాను. కొన్నిసార్లు ఏమీ అనను. కొన్నిసార్లు, సరిగ్గా అన్నీ కుదిరిన క్షణంలో, మెల్లగా "దించు" అంటాను. ఆ మాట విన్నాక ట్రిగ్గర్ మీది వేలు చూడాలి. కొత్తవాళ్లకి గోరు కింద రక్తం పోయి తెల్లబడి ఉంటుంది, సగం దాకా నొక్కేశారు, వెనక్కి తీసుకోలేరు, టప్‌మని వదిలేస్తారు. కొన్ని వారాలు పోయాక అదే వేలు ఒత్తిడి సడలించి, గోరు మళ్లీ గులాబీ రంగుకి వచ్చి, పిస్టల్ నెమ్మదిగా బల్ల మీదికి దిగుతుంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల నాలుగో సిరీస్‌కీ మొదటి సిరీస్‌కీ తేడా తగ్గడం మొదలవుతుంది. నీ వెనక ఎవరూ లేకపోతే ఫోన్‌లో టైమర్ పెట్టుకో, ఏడో సెకనుకి చిన్నగా మోగేలా. మోగిందంటే దించడమే, ఎంత బాగున్నా సరే.

ఇక నీ వారం. సోమ, మంగళ, గురువారాల్లో ఇంట్లో ఇరవై అయిదు నిమిషాల డ్రై (గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే ప్రాక్టీస్) చాలు. అంతకుమించి చేస్తే భుజం చెడు అలవాట్లు నేర్చుకుంటుంది. గాలి సిలిండర్ విప్పేసి, గుళ్ల డబ్బా వేరే గదిలో పెట్టి, లోపల గుండు లేదని కంటితో చూసి మొదలుపెట్టు. చాలా మ్యాచ్ పిస్టళ్లలో సిలిండర్ లేకపోయినా డ్రై ట్రిగ్గర్ పనిచేస్తుంది. స్ప్రింగ్ పిస్టల్ అయితే మాత్రం గుండు లేకుండా పేల్చకూడదు, పిస్టన్ వెళ్లి గట్టిగా గుద్దుకుని పాడవుతుంది. కిటికీ తెరలు తప్పకుండా వేసుకో. అపార్టుమెంటులో ఎదురు బ్లాకువాళ్లకు నువ్వు చేసేది స్పోర్టని తెలియదు, వాళ్లకు కనిపించేది తుపాకీ పట్టుకున్న మనిషే.

టార్గెట్ అంటించకు. ఖాళీ తెల్లగోడ చాలు. గోడమీద గురి పెట్టాల్సిందేమీ లేదు కాబట్టి కన్ను దానంతటదే ముందు సైటు మీద నిలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కు, నర్సు సిరంజి నొక్కినట్టు ఆపకుండా, పెంచుకుంటూ. 'టిక్' అన్న క్షణంలో ముందు సైటు గాడిలో ఎటు కదిలిందో చూడు. ఎడమకి కదిలితే వేలు కొస పక్కకు తోస్తోంది, కిందికి వంగితే మణికట్టు సడలుతోంది లేదా పిడికిలి మొత్తం బిగుస్తోంది. నువ్వు కుడిచేతివాటమనుకుని చెబుతున్నా. పది ఎత్తితే అందులో మూడు నాలుగైనా కావాలని దించెయ్. మిగతా కాసేపు ఉత్త హోల్డింగ్. ఎత్తి, పదిహేను ఇరవై సెకన్లు నిలిపి, దించి, దానికి రెట్టింపు విశ్రాంతి. హోల్డింగ్‌లో ట్రిగ్గర్ ముట్టుకోకు.

బుధవారం రేంజ్‌లో స్కోరు వద్దు. టార్గెట్ కార్డు తిప్పి తెల్లవైపు కొట్టు, ఎలక్ట్రానిక్ లేన్ అయితే మానిటర్ పక్కకు తిప్పెయ్. గుళ్లు ఎంత దగ్గరగా పడుతున్నాయన్నదే ఆ రోజు లెక్క. మొదలుపెట్టే ముందు నిలబడే తీరు సరిచూసుకో. కళ్లు మూసుకుని చేయి ఎత్తి, రెండు ఊపిర్ల తర్వాత కళ్లు తెరువు. పిస్టల్ పక్కకు చూస్తుంటే చేత్తో సరిచేయకు, వెనక కాలు కొంచెం జరుపు. చేత్తో సరిచేసిన కోణాన్ని 60 షాట్లూ చెయ్యే మోయాలి, నలభయ్యో షాటుకి అది తన చోటుకి తాను పోతానంటుంది.

శనివారం నలభై షాట్లు చాలు, కానీ ప్రతి షాటూ తెరమీద చూసేముందు నోటితో చెప్పు: "తొమ్మిది, రెండు గంటల వైపు." తర్వాత చూడు. నువ్వు చెప్పింది, పడింది ఒక్కటయ్యే షాట్లు పెరుగుతుంటే స్కోరు దాని వెనకే వస్తుంది. రెండూ కలవకపోతే షాటు పేలే క్షణంలో నీ కళ్లు మూసుకుంటున్నాయని అర్థం.

ఆదివారం పూర్తి మ్యాచ్. 15 నిమిషాల ప్రిపరేషన్, సైటింగ్, తర్వాత 75 నిమిషాల గడియారం. ఇందులో ఒక పని చెయ్యి, అందరికీ చెప్తుంటాను. మధ్యలో ఎక్కడో, నీకు ముందే తెలియని చోట, స్నేహితుణ్ని వచ్చి ఆపమను. పిస్టల్ కింద పెట్టి, అయిదు నిమిషాలు బయట నిలబడి, గడియారం మాత్రం ఆపకుండా తిరిగి వచ్చి పూర్తిచెయ్యి. టోక్యో ఒలింపిక్స్‌లో క్వాలిఫికేషన్ రౌండ్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది, నిమిషాలు కరిగిపోయాయి. అయినా 575 కొట్టింది, 12వ స్థానంలో ఆగిపోయింది. అదే అమ్మాయి 2024లో పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చింది. ఆటంకం వచ్చాక మిగిలిన టైములో తొందరపడకుండా కొట్టడం కూడా ప్రాక్టీస్ చేస్తేనే వస్తుంది.

శుక్రవారం పిస్టల్ పెట్టె తెరవకు. కొత్తగూడ నుంచి కొండాపూర్ బొటానికల్ గార్డెన్ దాకా నడువు.

తిరుమలగిరి ఫౌజీ:

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేను మామగారి సంగతి చెప్తా బాబూ.

నీకు వచ్చింది ఆయనకు సగం పనికొస్తుంది. ట్రిగ్గర్, సైట్లు, ఊపిరి, ఇవి ఎక్కడైనా ఒకటే. మిగతా సగం వేరు. నీ ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ 500 గ్రాములకే వదులుతుంది. .32 రివాల్వర్‌ని గుర్రం (వెనకుండే సుత్తి) ఎత్తకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే దానికి ఎన్నో రెట్లు బలం కావాలి, నొక్కేకొద్దీ నాళం ముక్కు కిందికి వంగుతుంది. కాబట్టి నువ్వు నేర్పొద్దు. ఆయన్ని లైసెన్స్‌తో పాటు రేంజ్‌కి తీసుకెళ్లి, అక్కడి ఇన్‌స్ట్రక్టర్ చేతిలో పెట్టు. 2016 ఆర్మ్స్ రూల్స్ వచ్చాక లైసెన్స్ కోరేవాళ్లు ఆయుధ భద్రత శిక్షణ పూర్తిచేయాలి. ఆయనది పాత లైసెన్స్ అయినా ఆ శిక్షణ ఇప్పుడు తీసుకుంటే తప్పేం లేదు, చాలా మంచిది.

లైసెన్స్ మీద ఎన్ని తూటాలు కొనొచ్చో రాసి ఉంటుంది, రేంజ్‌లో ఇష్టమొచ్చినట్టు పేల్చడానికి రావు. అందుకే ఆయన ప్రాక్టీస్‌లో ఎక్కువ భాగం డమ్మీ తూటాలతోనే జరగాలి. మొదటి డ్రిల్ పేల్చడం కాదు, ఖాళీ చేయడం. నాళం నేలవైపు, వేలు గార్డు బయట, తూటాలు పెట్టే సిలిండర్ తెరిచి ఆరు గదులూ కంటితో చూడాలి, చీకట్లో అయితే వేలితో తడిమి లెక్కపెట్టాలి. మళ్లీ మూసి, మళ్లీ తెరవాలి. చేతులు వణకకుండా ఇది వచ్చేదాకా అసలు తూటా వద్దు. రేంజ్‌లో మొదట ఏడు మీటర్ల దూరం, అయిదు తూటాలు, ఒక్కోదానికీ మధ్య విశ్రాంతి. అన్నీ అరచేతిలో పట్టేంత గుంపుగా పడితేనే దూరం పెంచడం. వేగం సంగతి చాలా తర్వాత. స్పోర్ట్‌లోనే చూడు. 25 మీటర్ల పిస్టల్‌లో ర్యాపిడ్ సగానికి వస్తే టార్గెట్ 3 సెకన్లు కనిపించి 7 సెకన్లు మాయమవుతుంది. చేయి 45 డిగ్రీల నుంచి లేపి ఒకే ఒక్క షాటు కొట్టాలి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌కి 2023లో హాంగ్‌జౌ ఏషియాడ్‌లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం తెచ్చిన ఈవెంట్ ఇదే. అందులోనూ ముందు సగం అంతా నిదానంగా కొట్టే ప్రెసిషన్.

కొట్టులో అసలు అవసరమైన డ్రిల్ వేరే ఉంది. ఎవడన్నా దూరితే ఎవరు షట్టర్ వైపు పోవాలి, ఎవరు లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకోవాలి, ఎవరి చేతిలో ఫోన్ ఉండాలి, 100 కొట్టాలా 112 కొట్టాలా. ఇది కుటుంబం, కొట్టులో పనిచేసే పిల్లలు కలిసి చేయాలి, రివాల్వర్ లేకుండా చేయాలి. తుపాకీ ఆఖరున, దారులన్నీ మూసుకుపోయినాక మాటే. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదని, అవసరాన్ని మించి హాని చేయకూడదని 37 చెప్తుంది. పారిపోయేవాడి వీపు మీద కాలిస్తే మామగారు కోర్టులో నిలబడాలి. పెళ్లి బరాత్‌లో పైకి కాల్చినా 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. కొట్టులో పనిచేసే కుర్రాళ్లకి కూడా ఇది చదివి వినిపించు.

ఇంట్లో మనవలుంటే రివాల్వర్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో. ఎన్నికలొచ్చి ఠాణాలో జమ చేసి వెనక్కి తెచ్చుకున్న రోజు తప్పకుండా ఒకసారి తెరిచి, శుభ్రం చేసి, ఖాళీ చేసే డ్రిల్ చేయించు.

మణికొండ అమ్మ:

మా పాప పదమూడేళ్లది, ఎయిర్ పిస్టలే కొడుతుంది. అక్క చెప్పిన "దించు" చాలా అవసరం, వీళ్ల వయసులో మరీను. ఒక్క మాట కలుపుతాను. గుళ్లు సీసంతో చేసినవి. రేంజ్‌లో గుళ్లు ముట్టుకున్న చేతులతో పిల్లలు టిఫిన్ డబ్బా తెరిచేస్తారు. సబ్బుతో కడిగించిన తర్వాతే తిననివ్వండి, పెద్దవాళ్లు కూడా. అక్కా, పాపకి భుజం నొప్పి అంటోంది, రోజూ డ్రై చేయించవచ్చా?

బోయిన్‌పల్లి అక్క:

వద్దమ్మా. నొప్పి తగ్గేదాకా పిస్టల్ ఎత్తనివ్వకండి, ఫిజియోకి చూపించండి. పెరిగే పిల్లలకు వారంలో రెండు రోజులు డ్రై చాలు, అదీ పదిహేను నిమిషాలే. మిగతా రోజుల్లో ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడటం, వీపు, పొట్ట బలపడే వ్యాయామం చేయించండి. పిస్టల్ బరువు మోసేది భుజం ఒక్కటే కాదు, నడుము నుంచి కట్టుకుని రావాలి. గ్రిప్ పెద్దవాళ్లదైతే అదీ కారణం కావచ్చు, పాప చేతికి సరిపోయే సైజు చూడండి.

కొండాపూర్ కుర్రాడు:

అక్కా, చాలా థాంక్స్. నిజంగానే పోయిన ఆదివారం ఒక్కసారి కూడా దించలేదు. ఫౌజీ గారూ, మామగారికి మీరు రాసింది చదివి వినిపించాను, ఈ నెలలోనే రేంజ్‌కి వస్తానన్నారు.

అక్కా, చివరిగా ఒకటి. వచ్చే నెల స్టేట్ మ్యాచ్ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరున్న తెలంగాణ స్పోర్ట్స్ అథారిటీ రేంజ్‌లో పెడతారట. ఆ వారం ఎలా చేయాలి? ఇంకా ఎక్కువ కొట్టాలా?

బోయిన్‌పల్లి అక్క:

సగానికి తగ్గించు తమ్ముడూ. మ్యాచ్ ముందు వారంలో కొత్తగా ఏదీ ముట్టుకోకు. గ్రిప్ గీకడం, ట్రిగ్గర్ స్క్రూ తిప్పడం, బూట్లు మార్చడం, ఏదీ వద్దు. ఆదివారం ఒక పూర్తి మ్యాచ్, అది కూడా నీ అసలు డీటెయిల్ (మ్యాచ్‌లో నీ బ్యాచ్) ఏ పూటైతే ఆ పూటే. ఉదయం తొమ్మిదికి పిలిస్తే సాయంత్రం ప్రాక్టీస్ నీకు ఏమీ చెప్పదు. బుధవారం ముప్పై షాట్లు, ప్రతిదీ చూసేముందు ఎక్కడ పడిందో నోటితో చెబుతూ. ఆ తర్వాత ఇంట్లో తెల్లగోడ, పది నిమిషాలు. ముందురోజు రేంజ్‌కి వెళ్లి లేన్ వెలుతురు చూసుకుని, పాతిక గుళ్లు కొట్టి, గ్రూపు బాగున్నప్పుడే పెట్టె మూసెయ్. "ఇంకో సిరీస్ చూద్దాం" అనిపిస్తుంది, ఆగు. అది కూడా దించడమే.

డైరీలో మ్యాచ్ కోసం ఒక పేజీ ఇప్పుడే రాసిపెట్టుకో, స్కోరు లక్ష్యం రాయకు. ఎత్తే ముందు ఏం చేస్తావు, ఎప్పుడు దించుతావు, వరసగా రెండు ఎనిమిదులు పడితే ఏం చేస్తావు. ఆ మూడూ నీ మాటల్లో ఉండాలి. రెండు ఎనిమిదులకు నేను పెట్టుకున్నది చెప్తాను: పిస్టల్ బల్ల మీద, కుర్చీలో కూర్చుని నీళ్లు, తర్వాత గుండు లేకుండా రెండు డ్రై, అప్పుడు మళ్లీ గుండు. అంతా కలిపి రెండు నిమిషాలు దాటదు, 75లో అది ఏ మూలకీ రాదు.

ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (మ్యాచ్ ముందు పిస్టల్ తనిఖీ) సంగతి మర్చిపోకు. 500 గ్రాముల తూకాన్ని ట్రిగ్గర్ మోయాలి, అంచుమీద పెట్టుకోకుండా కాస్త పైన ఉంచుకో. పిస్టల్ మొత్తం 1500 గ్రాములు దాటకూడదు, 420 × 200 × 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. సెకండ్ హ్యాండ్‌లో కొని ఉంటే గాలి సిలిండర్ మీద తేదీ ఈ రాత్రే చూడు. తయారైన పదేళ్లకు దాని గడువు తీరిపోతుంది, గడువు దాటిన సిలిండర్‌తో లైనుమీదికి రానివ్వరు. కొత్తది తెప్పించుకోవడానికి నెల పట్టొచ్చు.